మట్టి పలక మీద పూరేకులు

షెఫీల్డ్‌లో మేముండే చోటి నుంచి ఈమ్ ఊరు బస్సులో సుమారు గంట. డార్బీషైర్ కొండల్లో ఉంటుంది. స్పెల్లింగు చూసి చాలా రోజులు ‘ఇయామ్’ అన్నాను, ఊరివాళ్ళు పలికేది మాత్రం ‘ఈమ్’ అనే. మొదటిసారి వెళ్ళినప్పుడు అందరిలాగే చర్చి, మ్యూజియం, ప్లేగుతో చనిపోయినవాళ్ళ పేర్లు రాసిపెట్టిన ఇళ్ళు చూసి వచ్చేశాను. రెండోసారి వెళ్ళింది పని చేయడానికి. ఆగస్టు చివర్లో అక్కడ బావులకు పూల అలంకారం చేస్తారు, వెల్ డ్రెస్సింగ్ అంటారు. సాయానికి ఎవరైనా రావచ్చని తెలిసి ఆఫీసుకి మూడు రోజులు సెలవు పెట్టాను.

బావి అంటే మన చేదబావి కాదు. కొండ ఊటల నీళ్ళు వచ్చి పడే రాతి తొట్లు. 1588లోనే ఊరంతటికీ నీళ్ళు అందేలా ఈ ఏర్పాటు చేసుకున్నారు, దేశంలోనే ఇలాంటి మొదటివాటిలో ఇదొకటని ఊళ్ళో గర్వంగా చెబుతారు. నీటిని పూలతో కొలిచే ఆచారం ఆ చుట్టుపక్కల చాలా ఊళ్ళలో ఉంది.

మొదటి రోజంతా మట్టి పని. పెద్ద చెక్క పలకలు అప్పటికే కొన్ని రోజులుగా నీళ్ళలో నానుతున్నాయి. పొడి చెక్కయితే మట్టిలోని తడిని లాగేస్తుంది, మట్టి బీటలు వారి పూలు రాలిపోతాయి. పలక నిండా సగం వరకే దిగ్గొట్టిన మేకులున్నాయి, మట్టి జారకుండా పట్టుకునేవి అవే. మట్టిలో నీళ్ళూ ఉప్పూ కలిపి తొక్కాం. తేమ ఆరకుండా ఉండడానికి ఉప్పు. తరవాత రెండు మూడు సెంటీమీటర్ల మందాన పలక మీద మెత్తి, అరచేత్తో నున్నగా చేశాం. బొమ్మ గీసిన కాగితాన్ని దానిమీద పరిచి గీతల వెంట సూదితో గుచ్చుకుంటూ పోయాం. కాగితం తీస్తే మట్టి మీద వరసగా చుక్కలు. వాకిట్లో ముగ్గు పెట్టేముందు చూసే చుక్కల్లాగే ఉన్నాయి. వాటి వెంట ఆల్డర్ చెట్టు నల్లటి చిట్టి కాయలు గుచ్చితే బొమ్మకు గీత వస్తుంది.

రెండో రోజు నాకు బాగా టెన్షన్ పెట్టింది. ముందు నాచు, గింజలు, ఆకులు, అంటే తొందరగా వాడిపోనివి పెడతారు. పూరేకులు ఆఖరున. నాకు ఆకాశం అప్పగించారు. నీలం రంగు హైడ్రేంజియా రేకులు ఒక్కొక్కటే తుంచి మట్టికి అద్దాలి. పైనుంచి మొదలుపెట్టి గంటన్నర పాటు తల ఎత్తకుండా పెట్టాను. అప్పుడు ఒక పెద్దావిడ వచ్చి చూసి, “డక్, కింది నుంచి పైకి రావాలి” అంది. అక్కడి పెద్దవాళ్ళు ఎవరినైనా ఆప్యాయంగా అలాగే పిలుస్తారు. పెంకుటింటి కప్పు ఎలా వేస్తారో అలా, పై రేకు కింది రేకు అంచును కప్పాలి. అప్పుడే వాన నీళ్ళు జారిపోతాయి. నేను పెట్టినదంతా తీసేయాల్సి వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ ఏమీ అనకుండా పక్కన కూర్చుని నాతోపాటు ఒక్కో రేకూ తీసింది.

ఆ రాత్రి వరంగల్‌కి వీడియో కాల్ చేసి చూపిస్తే అమ్మ, “బతుకమ్మను కూడా కిందికెంచే పేరుస్తం కదా బిడ్డా, మరిచిపోయినవా?” అంది. నిజమే. తంగేడు, గునుగు వరసలు పేర్చిన చేతులే ఇవి. మర్నాడు పొద్దున ఆ ధైర్యంతోనే మళ్ళీ మొదలుపెట్టాను.

బల్ల చుట్టూ పని చేస్తున్నంతసేపూ మాటలు ప్లేగు మీదికే వెళ్ళేవి. 1665 సెప్టెంబరులో లండన్ నుంచి వచ్చిన గుడ్డల మూటతో అది ఊళ్ళోకి వచ్చిందని చెబుతారు. మొదట పోయింది జార్జ్ వికార్స్ అనే దర్జీ మనిషి. 1666 జూన్‌లో ఊరు తనకు తానే హద్దు గీసుకుంది. ఎవరూ బయటికి వెళ్ళకూడదు, జబ్బు పక్క ఊళ్ళకు పాకకూడదు. చర్చి గురువు విలియం మాంపెసన్ కుర్రవాడు, ఊరికి కొత్త. ఆయనకన్నా ముందున్న థామస్ స్టాన్లీ మతం విషయంలో వేరే దారివాడు. అయినా ఇద్దరూ కలిశారు కాబట్టే జనం విన్నారు. పుస్తకాల్లో మాంపెసన్ పేరే పెద్దగా కనిపిస్తుంది గానీ, నా మనసు మాత్రం ఆ మాట మీద నిలబడిన మామూలు మనుషుల దగ్గరే ఆగిపోతుంది. హద్దురాయి మీద గుంటలున్నాయి. డబ్బులతో జబ్బు అంటకూడదని వాటిలో వెనిగర్ పోసి డబ్బులు వేస్తే, బయటివాళ్ళు అక్కడ తిండి పెట్టి వెళ్ళేవారు. కొండ మీది ఊట దగ్గరా ఇలాగే జరిగేది. పద్నాలుగు నెలల్లో 260 మంది పోయారు, మాంపెసన్ భార్య కేథరిన్‌తో సహా.

మూడో రోజు సాయంత్రం పలకలు మోసుకెళ్ళి నీటి తొట్టి దగ్గర నిలబెట్టాం. రాత్రంతా వాన. నాకు నిద్ర పట్టలేదు. ఆదివారం పొద్దున మొదటి బస్సుకి వెళ్ళి చూశాను. ఒక్క రేకు కూడా రాలలేదు.

ఆగస్టు ఆఖరి ఆదివారాన్ని అక్కడ ప్లేగు ఆదివారం అంటారు. చర్చి దగ్గర్నుంచి ఊరంతా కక్‌లెట్ డెల్ఫ్ అనే పచ్చిక లోయకు నడిచి వెళ్ళి ప్రార్థన చేస్తారు. 1666లో చర్చిలో కిక్కిరిసి కూర్చోకూడదని జనం చేరింది అక్కడే. నేనూ వాళ్ళతో నడిచాను. తరవాత ఒక్కదాన్నే ఊరి బయట రైలీ సమాధుల దాకా వెళ్ళాను. గుండ్రటి రాతి గోడ, చుట్టూ పొలం. ఎలిజబెత్ హాంకాక్ 8 రోజుల్లో భర్తనూ ఆరుగురు పిల్లలనూ తన చేతులతోనే ఇక్కడ పాతిపెట్టింది. బల్ల మీద మిగిలిన నీలం రేకులు నా సంచిలో ఉన్నాయి, అక్కడ ఉంచాను.

అందరూ పోయాక ఆమె ఊరు వదిలి, మిగిలిన ఒక్క కొడుకు దగ్గరికి షెఫీల్డ్ వెళ్ళిపోయిందని చెబుతారు. సాయంత్రం నేనెక్కిన బస్సు కూడా అటే వెళ్ళింది.