ఏడు సీట్ల డీజిల్ బండి: మైలేజీ ఎక్కడ పోతోంది?

మా మహీంద్రా ఎక్స్‌యూవీ 700 డీజిల్ ఆటోమేటిక్ ఇంటికి వచ్చినప్పటి నుంచి చుట్టాలు, ఆఫీసులో వాళ్ళు, అపార్ట్‌మెంట్ లిఫ్టులో కలిసినవాళ్ళు అందరూ అడిగే మొదటి మాట "లీటరుకి ఎంతిస్తుందండీ?" అనే. ఏదో ఒక అంకె చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ అంకెను నమ్మి ఎవరైనా పాతిక లక్షలు పెట్టి బండి కొంటే, వాళ్ళు తిరిగే దారులు వేరు, మేం తిరిగే దారులు వేరు. ఉదయం తొమ్మిదింటికి నిజాంపేట నుంచి గచ్చిబౌలి వెళ్ళేటప్పుడు, చౌటుప్పల్ దాటాక 90లో సాఫీగా పోయేటప్పుడు, తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు ఒకే బండి మూడు రకాలుగా తాగుతుంది.

ముందు నా లెక్కలు చెప్పేస్తాను. ఆఫీసు టైం ట్రాఫిక్‌లో 9 నుంచి 10. రోడ్లు ఖాళీగా ఉండే ఆదివారం అయితే సిటీలోనే 12 దాకా వస్తుంది. హైవే మీద 90 దగ్గర నిలకడగా పోతే 16 పైన, అదే 120లో పోతే 12, మహా అయితే 13. పిల్లల స్కూలు, ట్యూషన్, రైతు బజారు, ఇలా మూడేసి కిలోమీటర్ల ట్రిప్పులే ఉన్న వారంలో 8కి కూడా పడిపోతుంది. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఆ 8. అందరూ హైవే మైలేజీ గురించే మాట్లాడుకుంటారు, డబ్బు పోయేది మాత్రం ఇంటి చుట్టూ నాలుగు వీధుల్లోనే.

ఈ అంకెలన్నీ ట్యాంక్ నింపి నింపి తీసినవి, మీటర్ బోర్డు మీద కనిపించేవి కాదు. మా బండిలో స్క్రీన్ చూపించే సగటు అసలు లెక్క కంటే దాదాపు ఒక కిలోమీటరు ఎక్కువే ఉంటుంది. చాలా బండ్లలో ఇంతే. కాబట్టి ఒకే బంకు, వీలైతే అదే గన్, మొదటిసారి ఆటో కట్ అవగానే ఆపించాలి, రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త కొట్టమనకూడదు, ట్రిప్ మీటర్ సున్నా చేయాలి. మళ్ళీ నింపినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తే సరి. ఒక్క ట్యాంకును నమ్మొద్దు, వరుసగా కొన్ని నింపి సగటు తీసుకోండి. 60 లీటర్ల ట్యాంకులో ఒకటి రెండు లీటర్లు అటూ ఇటూ అవడం మామూలే.

కంపెనీ చెప్పే అంకె అబద్ధమా అంటే కాదు, అది వేరే పరీక్ష. బండిని రోలర్ల మీద ఎక్కించి, ఏసీ ఆపి, మాడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ ప్రకారం 1180 సెకన్ల పాటు నడుపుతారు. అందులో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లే. కేపీహెచ్‌బీ సిగ్నల్లో ఏసీ వేసుకుని పావుగంట నిలబడటం ఆ పరీక్షలో లేదు, ఔటర్ మీద 120లో పోవడమూ లేదు. రెండు బండ్లను పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి ఆ అంకె బాగా పనికొస్తుంది, నెల ఖర్చు అంచనా వేసుకోవడానికి పనికిరాదు.

ఇక ఆ చిన్న ట్రిప్పుల సంగతి. 2.2 లీటర్ల డీజిల్ ఇంజిన్, అందులో బోలెడు ఆయిలు, పైగా ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు విడిగా ఇంకో ఆయిలు. ఇవన్నీ వేడెక్కి పల్చబడి తేలిగ్గా తిరగడం మొదలయ్యేలోపే స్కూలు గేటు వచ్చేస్తుంది, ఇంజిన్ ఆపేస్తాం. కాసేపటికి చల్లారుతుంది, మళ్ళీ మొదటికి వస్తుంది. దీనికి తోడు బీఎస్ 6 డీజిల్ బండ్లన్నిట్లో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అది నిండినప్పుడు ఇంజిన్ తనంతట తనే కొంచెం ఎక్కువ డీజిల్ పంపి, ఫిల్టర్ వేడిని 600 డిగ్రీల ప్రాంతానికి తీసుకెళ్ళి ఆ మసిని కాల్చేస్తుంది. హైవే మీద ఇది మనకు తెలియకుండానే జరిగిపోతుంది. రోజూ మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో ఆ పని సగంలో ఉండగానే తాళం తిప్పేస్తాం, అంటే కాల్చిన డీజిల్ వృథా, ఫిల్టర్ శుభ్రం కాలేదు, రేపు మళ్ళీ మొదలు. అలా కొన్నాళ్ళు సాగితే డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, అప్పుడు సర్వీస్ సెంటర్, టెన్షన్, బిల్లు.

అందుకే మా ఇంట్లో ఇప్పుడు స్కూలుకి, కూరగాయలకి స్కూటరే. పెద్ద బండి తీయాల్సి వస్తే నాలుగు పనులూ ఒకే చుట్టులో పెట్టుకుంటాం, ముందు దూరంగా ఉన్న పని చూసుకుని, వచ్చేటప్పుడు దగ్గరవి. ఇంజిన్ అప్పటికే వేడిగా ఉంటుంది కాబట్టి చివరి ట్రిప్పులకు అంతగా తాగదు. ఇంకోటి, ఎవరి కోసమో ఎదురుచూస్తూ ఏసీ వేసి ఇంజిన్ నడుపుతూ కూర్చోవడం. ఇంత పెద్ద ఇంజిన్ అలా ఊరికే నిలబడి గంటకు దాదాపు లీటరు తాగుతుంది, కిలోమీటర్లు సున్నా.

చిన్న అంకెను పెంచడం మీద నేను ఎందుకింత పట్టుబడుతున్నానంటే, లీటరుకు కిలోమీటర్లు అనే లెక్క మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. యూరప్‌లో వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని చూస్తారు, డబ్బు లెక్కకు అదే సరైనది. 8 ఇచ్చే బండి వందకి 12.5 లీటర్లు తాగుతుంది. దాన్ని 10కి తెస్తే 10 లీటర్లు, అంటే వందకి రెండున్నర లీటర్లు మిగులు. అదే హైవే మీద 15ను 17కి తెస్తే మిగిలేది 0.8 లీటరు కూడా లేదు. రెండూ "రెండు కిలోమీటర్లు పెరగడమే", కానీ సిటీలో మిగిలేది మూడింతలు. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే ఇంట్లో మొత్తం సగటు 11 నుంచి 13కి పెరిగితే, లీటరు 95 రూపాయల లెక్కన దాదాపు పదహారు వేలు.

హైవే మీద మాత్రం ఒకే ఒక్క విషయం, వేగం. ఈ బండి వెడల్పు 1890 మిల్లీమీటర్లు, ఎత్తు 1755. అంత గోడ గాలిని తోసుకుంటూ పోవాలి. గాలి నిరోధం వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది, అంటే 80 నుంచి 120కి పోతే వేగం ఒకటిన్నర రెట్లయితే నిరోధం రెండుంపావు రెట్లు. విజయవాడ వెళ్ళేటప్పుడు మొత్తం 270 కిలోమీటర్లలో ధారాళంగా పోగలిగేది 200 అనుకుందాం. 120లో పోయినవాడు 95లో పోయినవాడి కంటే దాదాపు ఇరవై ఆరు నిమిషాలు ముందుంటాడు, అంతే. అందులో సగం పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్ల దగ్గరే కరిగిపోతుంది. పండగ రోజుల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. రూఫ్ మీద క్యారియర్ ఉంటే సామాను లేనప్పుడు విప్పేయండి, ఖాళీ క్యారియర్ కూడా గాలిని పట్టుకుంటుంది.

అందరూ భయపడేంత నష్టం బరువు వల్ల రాదు. సంక్రాంతికి ఏడుగురం ఎక్కి, వచ్చేటప్పుడు ఊరి నుంచి బియ్యం బస్తా, అరిసెల డబ్బాలు వేసుకొచ్చినా హైవే మీద తగ్గేది ఒక కిలోమీటరు, ఎందుకంటే ఎంతమంది కూర్చున్నా గాలికి ఎదురయ్యే గోడ అంతే. అదే బరువుతో సిటీలో ఆగి ఆగి కదిలితే దెబ్బ తెలుస్తుంది. బయల్దేరే ముందు డ్రైవర్ డోర్ దగ్గర అంటించిన స్టిక్కర్ చూసి ఫుల్ లోడుకు రాసినంత గాలి కొట్టించండి, అది మైలేజీకీ టైర్లకీ ప్రాణాలకీ అవసరం.

ఘాట్ రోడ్డు లెక్క వేరు. మనుషులతో కలిపి 2300 కిలోల బండిని అలిపిరి నుంచి తిరుమలకు, అంటే సుమారు 700 మీటర్ల ఎత్తుకు ఎక్కించాలంటే, కేవలం ఆ ఎత్తు కోసమే లీటరు పైచిలుకు డీజిల్ కావాలి. స్క్రీన్ మీద 7, 8 కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. దిగేటప్పుడు చిన్న గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే ఇంజిన్‌కు డీజిల్ వెళ్ళడమే ఆగిపోతుంది, వేగాన్నీ ఇంజినే ఆపుతుంది. న్యూట్రల్‌లో పెట్టి జారిస్తే ఆదా అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. దయచేసి అలా చేయకండి. న్యూట్రల్‌లో ఇంజిన్ నడవడానికి డీజిల్ కాలుతూనే ఉంటుంది, భారమంతా బ్రేకుల మీద పడి అవి కాగిపోతాయి, వెనక సీట్లో పిల్లలుంటారు.

మరి డీజిల్ తీసుకోవాలా, పెట్రోలా? ఇదే బండిలో 2 లీటర్ల టర్బో పెట్రోల్ నడపడానికి ఎంతో హాయిగా ఉంటుంది, కానీ సిటీలో 7, 8 అనుకుని సిద్ధపడాలి. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే మూడోవంతు తక్కువ, అంటే కలిపాక లీటరులో ఆరేడు శాతం శక్తి తగ్గినట్టే. డీజిల్‌కు ఆ బాధ లేదు, దానికి బదులు యాడ్‌బ్లూ, అంటే పొగలోని విషవాయువులను తగ్గించే యూరియా ద్రవం, విడిగా పోయించుకుంటూ ఉండాలి. విజయవాడలో మా బావగారి ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్, అంటే పెట్రోల్ ఇంజిన్‌కు తోడు బ్యాటరీ మోటారు కూడా ఉన్న బండి, బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లోనే 16, 17 ఇస్తుంది. కంపెనీ అంకె 23.24కి అది దూరమే, కానీ ఆ సైజు బండికి సిటీలో ఆ మైలేజీ నా డీజిల్‌తో కలలో కూడా రాదు. బ్రేకు వేసినప్పుడల్లా పోవాల్సిన శక్తి బ్యాటరీలోకి వెళ్తుంది కాబట్టి ఆగి ఆగి కదలడమే దానికి కలిసొస్తుంది. 120లో హైవే మీద పోతే ఆ తేడా బాగా తగ్గిపోతుంది.

కాబట్టి నెలలో రెండు మూడుసార్లయినా ఊరికో, పొలానికో హైవే ఎక్కేవాళ్ళయితే డీజిల్ తీసుకోండి, నిశ్చింతగా ఉంటుంది. రోజంతా సిటీలోనే ఉండి ఏడు సీట్లు కావాలంటే హైబ్రిడ్‌కు ఎక్కువ పెట్టడంలో అర్థముంది. సెకండ్ హ్యాండ్ డీజిల్ చూసేవాళ్ళు మాత్రం ఓడోమీటర్ తక్కువ చూపించిందని సంబరపడొద్దు. ఆ కొద్ది కిలోమీటర్లూ స్కూలుకీ మార్కెట్‌కీ తిరిగినవైతే, హైవే మీద అంతకు రెండింతలు తిరిగిన బండినే నేను ఎంచుకుంటాను. సర్వీస్ రికార్డులో డీపీఎఫ్ గురించి ఏం రాశారో చదివి, ఇంజిన్ బాగా వేడెక్కేదాకా ఒక అరగంట నడిపి చూసి, అప్పుడు ధర మాట్లాడండి.