లాడం లేని గిట్ట: ఎంత తీయాలో సోల్‌ని చూసి తెలుసుకోవాలి

లాడాలు తీసేసిన గుర్రానికి గిట్టలు చెక్కేటప్పుడు చాలామంది అడుగు భాగం తెల్లగా, నున్నగా వచ్చేదాకా గీకేస్తారు. చూడ్డానికి బాగుంటుంది. మర్నాడు ఆ గుర్రం కంకర మీద అడుగు వేయడానికి భయపడుతుంది. లోపలి ఎముకకూ నేలకూ మధ్య అడ్డుగా ఉండేది సోల్ (గిట్ట అడుగున ఉండే గట్టి పొర) ఒక్కటే. ఆరోగ్యమైన గిట్టలో అది సుమారు 15 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అందులో 3 మిల్లీమీటర్లు గీకితే ఐదో వంతు పోయినట్టే.

కత్తి పట్టేముందు గుర్రాన్ని గట్టి నేల మీద నడిపించి పక్కనుంచి చూడండి. మడమ ముందు ఆనాలి. కొస ముందు ఆనుతుంటే మడమ భాగంలో నొప్పి ఉందేమోనని అనుమానించాలి. ఫ్రాగ్ (గిట్ట అడుగున మడమ వైపు ఉండే V ఆకారపు మెత్తని భాగం) కుళ్లడం వల్ల అలా నడిచే గుర్రాలు చాలానే ఉంటాయి.

కాలెత్తి, పిక్‌తో (గిట్ట శుభ్రం చేసే కొక్కెం) మడమ నుంచి కొస వైపు మట్టి తీయండి. ఫ్రాగ్ మొన పక్కనున్న సందు లోతుగా ఉంటే సోల్ మందంగా ఉన్నట్టు. సందు బాగా పైపైనే ఉన్నా, బొటనవేలితో గట్టిగా నొక్కితే సోల్ లోపలికి దిగుతున్నా కత్తి పక్కన పెట్టేయండి. మందంగా ఉన్న సోల్ మీద కూడా సుద్దలా పొడిపొడిగా రాలే చచ్చిన పొరనే తీయాలి. మైనంలా మెరిసే పొర కనిపించగానే ఆగిపోవాలి. అక్కడి నుంచి లోపలిది జీవమున్న సోల్. గిట్ట గోడను ఎంత ఎత్తు ఉంచాలో దాన్ని చూసే లెక్క వేసుకోవాలి.

నిప్పర్‌ని (గిట్ట కత్తిరించే పట్టకారు) సోల్‌కి సమాంతరంగా పట్టి, మడమ వైపు నుంచి కొస వైపు కొంచెం కొంచెంగా కత్తిరించండి. గోడ సోల్ కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎత్తుగా మిగలాలి. ఎగుడుదిగుళ్లు ఆకురాయితో సరిచేయండి. ఫ్రాగ్‌లో వేలాడే ముక్కలు తప్ప ఇంకేమీ కోయక్కర్లేదు. బార్లు (మడమ దగ్గర ఫ్రాగ్‌కి ఇరువైపులా లోపలికి తిరిగిన గోడ భాగాలు) సోల్ మీదికి మడతపడి ఉంటేనే ముట్టుకోవాలి.

అసలు పని అంచు గుండ్రం చేయడం. కాలిని ముందుకు తెచ్చి స్టాండ్ మీద పెట్టి, గోడ బయటి అంచుని ఆకురాయితో 45 డిగ్రీల కోణంలో రాయండి. ముందుకు పొడుచుకొచ్చిన అంచు అడుగడుక్కీ మీటలా పనిచేసి గోడని ఎముక నుంచి దూరంగా లాగుతుంది. వైట్ లైన్ (గోడా సోల్ కలిసే చోటి గీత) సాగేది, చీలికలు పడేది, ఆ చీలికల్లోకి మట్టి దూరేది అందుకే. అలాగని గోడ ముఖాన్ని పైదాకా రాసేయకండి. పై మూడింట రెండు వంతులు రాస్తే గోడ పల్చబడుతుంది తప్ప వంకర పోదు. కొస దగ్గర కొత్త గోడ పైనుంచి నేల దాకా దిగడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. వంకర ఆ పెరుగుదలతోనే పోతుంది. నెలకి సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి 4 నుంచి 6 వారాలకోసారి కొంచెం కొంచెం తీయడమే మంచిది. మూడు నెలలు వదిలేసి ఒకేసారి తీస్తే కీళ్ల మీద భారం పడే తీరు ఒక్కసారిగా మారిపోతుంది.

ఫ్రాగ్ మధ్యలోని చీలికలో నల్లటి చీము, కుళ్లు వాసన ఉంటే అది థ్రష్. శుభ్రం చేసి, నీళ్లు కలిపిన పొవిడోన్ అయోడిన్‌లో తడిపిన గాజుగుడ్డని ఆ చీలికలో పెట్టి రోజూ మార్చండి. ఫార్మలిన్ లాంటి ఘాటైనవి పోస్తే జీవకణాలు కూడా కాలిపోతాయి. తడి పేడలో నిలబడే గుర్రానికి ఏ మందు వేసినా థ్రష్ మళ్లీ వస్తుంది. ముందు ఆ నేల ఆరాలి.

గోడ మీది గీతలు కొస కంటే మడమ దగ్గర వెడల్పుగా ఉండి, వైట్ లైన్ సాగి, అందులో ఎర్రటి చారలు కనిపిస్తే ఆకురాయి కంటే ముందు మేత సంగతి చూడండి. ధాన్యం, చక్కెర ఎక్కువున్న పచ్చగడ్డి లామినైటిస్‌కి (గోడని ఎముకకి పట్టి ఉంచే పొరలు వాచే జబ్బు) దారితీస్తాయి. దాని బారిన పడ్డ గుర్రానికి చక్కెర, పిండిపదార్థం కలిపి 10 శాతం లోపున్న ఎండుగడ్డి వేయడం మంచిది. గిట్ట వేడిగా ఉండి, చీలమండ వెనక నాడి గట్టిగా కొట్టుకుంటూ, గుర్రం బరువంతా వెనక్కి వేసి నిలబడితే వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి.

ఉన్నట్టుండి ఒక్క కాలు నేల మోపలేకపోతే లోపల చీము పట్టి ఉండొచ్చు, మేకు దిగి ఉండొచ్చు. మేకు కనిపిస్తే లాగేయకండి. ఇంకా లోపలికి దిగకుండా చుట్టూ మందంగా గుడ్డ కట్టి, పశువైద్యుణ్ణి పిలిచి, ఎక్స్‌రే తీసేదాకా ఉంచితే అది ఎంత లోతుకి, ఎటువైపు దిగిందో తెలుస్తుంది. టెటనస్ టీకా ఎప్పుడు వేయించారో కూడా అప్పుడే చూసుకోండి.