బాణం గుర్తు కదలని పొద్దు

పొద్దున ఏడున్నరకు అనువాదం ముందు వేసుకుని కూర్చుంటే తొమ్మిదయ్యేసరికి రెండు పేజీలు తయారయ్యాయి. వెలుతురు చాలడం లేదని ల్యాప్‌టాప్‌ను కిటికీ వైపు జరిపాను. మళ్లీ మౌస్ పట్టుకుంటే తెర మీద బాణం గుర్తు కదలలేదు. ‘అయినప్పటికీ’ అన్న మాట పక్కన ఎక్కడ వదిలానో అక్కడే ఉండిపోయింది. టచ్‌ప్యాడ్ మీద వేలు రాశాను. అదీ పలకలేదు.

గుండె జారింది. ఆ రెండు పేజీలూ ఇంకా సేవ్ చేయలేదు.

పవర్ బటన్ నొక్కి పట్టుకుందామని చెయ్యి అటే వెళ్లింది కానీ, ఎందుకో తెర మూలనున్న గడియారం కంటపడింది. చూస్తుండగానే నిమిషం మారింది. క్యాప్స్ లాక్ నొక్కితే దాని దీపం వెలిగింది, మళ్లీ నొక్కితే ఆరింది. అంటే కంప్యూటర్ బిగుసుకుపోలేదు, చెయ్యి చూపే దారి మాత్రమే మూసుకుపోయింది. కంట్రోల్ పట్టుకుని ఎస్ నొక్కాను. ఫైలు పేరు పక్కన ‘సేవ్ అయింది’ అని కనిపించాక గానీ ఊపిరి తిరగలేదు. ఆ క్షణంలో పవర్ బటన్ నొక్కి ఉంటే పొద్దుటి కష్టమంతా పోయేది.

మౌస్‌ను తిరగేసి చూస్తే అడుగున ఎర్రదీపం వెలుగుతోంది. మౌస్ బాగానే ఉందనుకున్నాను. అక్కడే పొరబడ్డాను. వైర్‌లెస్ మౌస్ దీపం దాని లోపలి బ్యాటరీతో వెలుగుతుంది. మౌస్ సంకేతాలను అందుకోవడానికి యూఎస్‌బీలో గుచ్చే చిన్న ముక్క, రిసీవర్, వేరే ఉంటుంది. దానికి కరెంటు అందుతోందో లేదో ఆ దీపానికి తెలియదు. కానీ అప్పటికి నా మనసులో ఒకటే నాటుకుపోయింది: రెండూ ఒకేసారి ఆగాయి కాబట్టి కారణం ఒకటే అయి ఉండాలి.

టచ్‌ప్యాడ్‌ను మెత్తని గుడ్డతో తుడిచాను. అది వేలి ఒత్తిడిని కాదు, వేలు ఆనినచోట విద్యుదావేశంలో వచ్చే చిన్న తేడాను పసిగడుతుంది. అందుకే తడి ఉంటే తికమకపడుతుంది, మామూలు పెన్ను ఆనిస్తే అసలు స్పందించదు. తుడిచినా మార్పు లేదు. పై వరుసలో టచ్‌ప్యాడ్ బొమ్మ ఉన్న మీటను ఎఫ్ఎన్‌తో కలిపి రెండుసార్లు నొక్కాను. పొరపాటున ఆ మీట తగిలి టచ్‌ప్యాడ్ ఆగిపోవడం మామూలే. ఈసారి అదీ కాదు.

విండోస్ మీటతో డి నొక్కి డెస్క్‌టాప్‌కు వచ్చి, ఆల్ట్ ఎఫ్4 నొక్కి, బాణం మీటలతో రీస్టార్ట్ ఎంచుకున్నాను. మొదలయ్యేటప్పుడు ఎఫ్2 నొక్కితే నా ల్యాప్‌టాప్‌లో సెటప్ తెర వస్తుంది. అక్కడింకా విండోస్ ఉండదు. ఆ తెర మీద వేలు రాయగానే బాణం గుర్తు చక్కగా జరిగింది! ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. టచ్‌ప్యాడ్ చెడిపోలేదు, లోపల తీగ ఊడలేదు. విప్పించే పని లేదు. తప్పు విండోస్‌లోనే ఉంది.

విండోస్‌లోకి వచ్చి, విండోస్ మీటతో ఎక్స్ నొక్కి, వెంటనే ఎం నొక్కితే డివైస్ మేనేజర్, అంటే కంప్యూటర్‌లోని పరికరాల జాబితా, తెరుచుకుంది. ట్యాబ్‌తో జాబితాలోకి దిగి, కింది బాణంతో ఒక్కో వరుసా జరుగుతూ, కుడి బాణంతో విప్పుతూ వెళ్లాను. టచ్‌ప్యాడ్ పేరు పక్కన చిన్న పసుపు త్రికోణం. ఎంటర్ కొడితే ‘ఈ పరికరం మొదలు కాలేకపోతోంది’ అన్న అర్థంతో కోడ్ 10. ఈవెంట్స్ పేజీలోకి వెళ్లి తేదీ చూసి ఉలిక్కిపడ్డాను. మొదలు కాలేదన్న మాట అక్కడ తొలిసారి కనిపించింది తొమ్మిది రోజుల క్రితం.

తొమ్మిది రోజులుగా టచ్‌ప్యాడ్ పని చేయడం లేదు. నా చెయ్యి ఎప్పుడూ మౌస్ మీదే ఉండడంతో నాకు తెలియలేదు. ఇవాళ ఆగింది మౌస్ ఒక్కటే.

అప్పుడు గుర్తొచ్చింది, ల్యాప్‌టాప్‌ను జరిపిన సంగతి. మౌస్ రిసీవర్ యూఎస్‌బీ హబ్‌లో, అంటే ల్యాప్‌టాప్‌కు తీగతో తగిలించి మరిన్ని పరికరాలు గుచ్చుకునే చిన్న పెట్టెలో ఉంటుంది. హబ్ తీగ చివర చూస్తే సగం బయటికి వచ్చి వాలి ఉంది. లోపలికి నెట్టగానే బాణం గుర్తు కదిలింది. గంటకు పైగా వెతికిన దానికి ఒక్క వేలి పని.

ఇక టచ్‌ప్యాడ్ మిగిలింది. డివైస్ మేనేజర్‌లో దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేశాను. డ్రైవర్‌ను, అంటే ఆ పరికరాన్ని విండోస్ నడిపించడానికి వాడే ప్రోగ్రామ్‌ను, కూడా తుడిచెయ్యాలా అని అడిగే గడిలో టిక్కు పెట్టలేదు. పెడితే విండోస్ మళ్లీ అమర్చుకోవడానికి దగ్గర డ్రైవరే లేకుండా పోవచ్చు. రీస్టార్ట్ చేశాక పసుపు త్రికోణం లేదు. వేలు రాస్తే బాణం గుర్తు వెంటే వచ్చింది.

ఫైలు తెరిచాను. ‘అయినప్పటికీ’ దగ్గరే ఆగి ఉంది వాక్యం. మౌస్‌ను సొరుగులో పెట్టి, సాయంత్రం దాకా టచ్‌ప్యాడ్‌తోనే పని చేసుకున్నాను.