కృష్ణలో గులకరాళ్ళు, అక్క తెచ్చిన పగడపు రాయి

అక్కావాళ్ళు టాంపా నుంచి వచ్చిన దగ్గర్నుంచీ మా ఇంట్లో రాళ్ళ ముచ్చట్లే. సూట్‌కేసులో చాక్లెట్ ప్యాకెట్ల మధ్యన టవల్‌లో చుట్టి ఒక రాయి తెచ్చాడు బావ. పైన చూస్తే బూడిద రంగు, గరుకు, కంకర కుప్పలో పడుంటే ఎవరూ తిరిగి కూడా చూడరు. కళ్ళ దగ్గర పెట్టుకుని చూస్తే మాత్రం ఒళ్ళంతా చిన్న చిన్న పువ్వుల గుర్తులు, వెనక్కి తిప్పితే లోపల బోలు, ఆ బోలు గోడల నిండా తేనె రంగులో నున్నటి బుడిపెలు. శిలాజ పగడం అంట. అక్కడ అగటైజ్డ్ కోరల్ అంటారంట.

అమ్మ తన వేలికున్న పగడపు ఉంగరం చూసుకుని, మళ్ళీ ఆ రాయి చూసి, "ఇది పగడమేందే, ఎరుపేదీ" అంది. అక్క కొడుకు, మా పెద్దోడు, వాడికొచ్చిన తెలుగులో అమ్మమ్మకి ఓపిగ్గా చెప్పాడు. నాకు అర్థమైనంత వరకు ఇక్కడ రాసి పెట్టుకుంటున్నా, లేకపోతే మర్చిపోతా. ఫ్లోరిడా అంతా ఒకప్పుడు లోతు లేని వెచ్చటి సముద్రం అంట, రెండు కోట్ల ఏళ్ళ పైమాటే. అందులో పగడపు పురుగులు గుంపులు గుంపులుగా బతుకుతూ తమ చుట్టూ సున్నంతో గూళ్ళు కట్టుకునేవి. సముద్రం వెనక్కెళ్ళిపోయాక ఆ గూళ్ళు మట్టిలో పూడిపోయాయి, భూమిలోపల నీళ్ళలో సిలికా, అదే ఇసకలో ఉండే పదార్థం, కరిగి ఉంటుంది కదా, ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి ఊరుతూ ఉంటే సున్నం కరిగిపోతూ దాని స్థానంలో సిలికా పేరుకుంటూ వచ్చింది. పురుగు పోయింది, పురుగు కట్టుకున్న సున్నం కూడా పోయింది, ఆకారం మాత్రం ఉండిపోయింది. ఆ పువ్వుల్లాంటి గుర్తు ఒక్కోటీ ఒక్కో ప్రాణి కూర్చున్న చోటంట. ఇది విన్నాక ఆ రాయిని కింద పెట్టబుద్ధి కాలేదు నాకు. 1979లో దాన్ని ఫ్లోరిడా రాష్ట్ర రాయిగా కూడా ప్రకటించారంట.

అక్కావాళ్ళు ఈ రాళ్ళ కోసం శని ఆదివారాల్లో పడవ వేసుకుని నది మీదకి వెళ్తారంట. టాంపా సముద్రపొడ్డున బలాస్ట్ పాయింట్ అని ఒక చోటుంది, ఈ పగడాలకి వందేళ్ళకి పైగా పేరున్న చోటు, కానీ వీళ్ళు వెళ్ళేది కారులో రెండు మూడు గంటలు ఉత్తరానికి, సువానీ నదికి. ఆ నది నీళ్ళు టీ డికాషన్ రంగులో ఉంటాయని అక్క ఫోన్‌లో ఫోటోలు చూపించింది, నేను మురుగేమో అనుకున్నా, కాదంట, పైన ఓకిఫెనోకీ అనే చిత్తడి అడవిలో ఆకులూ బెరడూ నానీ నానీ ఆ రంగొచ్చిద్దంట. నీళ్ళు తగ్గినప్పుడే రాళ్ళు బయటపడతాయి కాబట్టి నది మట్టం ఎంతుందో నెట్‌లో చూసుకుని బయల్దేరతారు. చిన్న అల్యూమినియం పడవ, ముందు పెద్దోడు, మధ్యలో అక్క, వెనక మోటార్ దగ్గర బావ. ఒడ్డున మొసళ్ళు ఎండకి పడుకుని ఉంటాయంట! అమ్మ ఆ మాట దగ్గర ఆగిపోయింది, "పిల్లాణ్ణేసుకుని మొసళ్ళ మధ్యకెళ్తారా" అని బావ మీద కోప్పడింది, అల్లుడుగారని కూడా చూడకుండా. బావ నవ్వుతూనే, జాగ్రత్తగానే ఉంటాం అత్తయ్యా, అక్కడ రూల్స్ కూడా గట్టిగానే ఉంటాయి, వెన్నెముక ఉన్న జంతువుల శిలాజాలు తియ్యాలంటే పర్మిట్ తీసుకోవాలి, పగడాలకీ సొరచేప పళ్ళకీ అక్కర్లేదు అని చెప్పాడు. అమ్మకి పర్మిట్‌తో పనేముంది, మొసలి సంగతి తేల్చమంది.

అదంతా విని మా చిన్నోడు "అమ్మా మన కృష్ణలో ఉండవా ఇట్లాంటి రాళ్ళు" అని అడిగాడు. వాడు కృష్ణ పేరు వాడంతట వాడే ఎత్తడం నాకు గుర్తున్నంతలో ఇదే మొదలు. మేం విజయవాడ సింగ్‌నగర్‌లో ఉండేవాళ్ళం, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగినప్పుడు మా వీధంతా మునిగింది, బుడమేటి నీళ్ళు పోదామన్నా ఆ రోజుల్లోనే కృష్ణ కూడా నిండుగా ఉంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, అంత నీళ్ళు బ్యారేజీ కట్టాక ఎప్పుడూ రాలేదు. కరెంటు లేదు, తాగడానికి నీళ్ళు లేవు, మేడ మీద వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం, చివరికి బోటొచ్చి దించి తీసుకెళ్ళింది. మా బండి ఉండే చోటు మీదుగా, పక్కింటివాళ్ళ గేటు మీదుగా బోటు పోతుంటే వాడు నా జాకెట్టు పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తర్వాత ఇల్లు మారి పటమట వచ్చేశాం, కానీ వాడు మాత్రం భవానీ ఐలాండ్‌కి పోదామన్నా రాడు, బ్యారేజీ మీద వెళ్తుంటే అవతల వైపు చూస్తాడు. అందుకే వాడు ఆ మాట అనగానే నేను ఇంకేం ఆలోచించలేదు, బావకి చెప్పా, ఆదివారం పోదాం అని.

ఎక్కడికి అనేది అమ్మ తేల్చింది. గుడిమెట్ల. చందర్లపాడు అవతల, కృష్ణ ఒడ్డున. వానలు పడ్డప్పుడు అక్కడ జనం వజ్రాల కోసం నేల మీద వంగి వెతుక్కుంటూ ఉంటారని పేపర్లో టీవీలో చూస్తూనే ఉంటాం కదా. వజ్రాలకి కాకపోయినా రాళ్ళంటూ ఉండే చోటు అదే అంది.

పొద్దున్నే చలిలో బయల్దేరాం, పరిటాల ఆంజనేయస్వామికి కారులోంచే దండం పెట్టుకుని, నందిగామలో ఇడ్లీలు తిని, అక్కణ్ణించి చందర్లపాడు రోడ్డు పట్టాం. మంచు విడిచేసరికి రేవులో ఉన్నాం. చేపలు పట్టే ఆయన ఒకాయన్ని బతిమాలితే ఎదురుగా కనపడే మేట దాకా తీసుకెళ్తానన్నాడు, నాటు పడవే, వెనక చిన్న ఇంజను. అందరికీ లైఫ్ జాకెట్లు ముందే ఆన్‌లైన్‌లో తెప్పించి పెట్టా. 2017లో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి అంతమంది పోయిన రోజు ఈ ఊళ్ళో ఎవరూ మర్చిపోరు, జాకెట్ లేకుండా నేను ఎవర్నీ ఎక్కనివ్వను. అమ్మ చీర మీద ఆ నారింజ రంగు జాకెట్ వేసుకుని, వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుని నెత్తిన జల్లుకుని ఎక్కింది. అమ్మ పుట్టిల్లు అమరావతి పక్కన ఏటి ఒడ్డునే, చిన్నప్పుడు పడవలు ఆవిడకి మనకి ఆటోలు ఎట్లాగో అట్లా. పెళ్ళయ్యాక మళ్ళీ ఎక్కలేదంట. ఆ సంగతి నాకు ఇవాళే తెలిసింది, ఇన్నేళ్ళు ఒక్క ఇంట్లో ఉండి కూడా.

చిన్నోడు రేవులో నిలబడిపోయాడు. నేను ఏమీ అనలేదు. పెద్దోడు పడవలోంచి చెయ్యి చాపి "రా తమ్ముడూ, మధ్యలో కూర్చో, మధ్యలో ఊగదు" అన్నాడు. వాడు ఎక్కాడు. మధ్యలో చెక్క రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు, కళ్ళు మాత్రం తెరిచే ఉంచాడు, నేను మేట వచ్చేదాకా నది చూళ్ళేదు, వాడి కళ్ళే చూస్తూ కూర్చున్నా.

మేట మీద ఒక వైపంతా ఇసక, నీళ్ళంచున మాత్రం పొడుగ్గా గులకరాళ్ళ చార. అక్కడ బావ అందర్నీ నిలబెట్టి ఎట్లా వెతకాలో చెప్పాడు. సూర్యుడి వైపు తిరిగి నడవాలి, అప్పుడు వెలుతురు రాళ్ళ వెనకనుంచి వచ్చిద్ది, మామూలు రాళ్ళు నల్లగా కనపడతాయి, లోపలికి వెలుగు దూరే రాళ్ళు మాత్రం అంచులు వెలుగుతాయి. తడిసిన రాయైతే ఇంకా తేలిక. పొద్దున్నే వెళ్ళాలనేది అందుకేనంట, ఎండ నెత్తి మీదకొస్తే అన్నీ ఒకలాగే ఉంటాయి. సువానీ ఒడ్డున వాళ్ళు పగడాలు వెతికేటప్పుడు ఇంకో పని కూడా చేస్తారంట, పైన పువ్వు గుర్తుల కోసం చూడటం. ఇక్కడ మనకి పగడాలు ఉండవు, ఈ గులకరాళ్ళు సముద్రంలోంచి వచ్చినవి కాదు అని ముందే చెప్పాడు, పిల్లలు ఆశపడతారని.

అయినా దొరికాయి. తెల్ల పలుగురాళ్ళు బోలెడు, ఇటుక రంగు జాస్పర్ రాళ్ళు, వాటి మధ్యన మొదటి అగేట్ చిన్నోడికే దొరికింది. చింతగింజ కంటే కాస్త పెద్దది, పొగ రంగు, ఎండకి ఎత్తి పట్టుకుంటే లోపల తెల్ల గీతలు ఒకదాని లోపల ఒకటి. బావ దాన్ని చూసి చెప్పింది నాకు భలే నచ్చింది. కృష్ణ పుట్టే మహాబలేశ్వరం కొండలున్నాయి కదా, ఆ కొండలన్నీ 6.6 కోట్ల ఏళ్ళ నాటి లావా, పొరల మీద పొరలుగా పారి గడ్డకట్టింది. గడ్డకట్టేటప్పుడు లోపల గాలి బుడగలు ఉండిపోయాయి, ఆ ఖాళీల్లోకి సిలికా నీళ్ళు దిగి పొరలు పొరలుగా పేరుకుని అగేట్ అయ్యింది. కొండ అరిగిపోయినా అగేట్ గట్టిది కాబట్టి అంత త్వరగా అరగదు, రాలి ఏట్లో పడి దొర్లుకుంటూ వెయ్యి కిలోమీటర్ల పైన వచ్చింది ఇక్కడికి. అంటే మా అక్క తెచ్చిన రాయిలో బుడిపెలూ, మా వాడి చేతిలో గీతలూ రెండూ ఒకే పదార్థం. అక్కడ ప్రాణి ఖాళీ చేసిన గూట్లో నిండింది, ఇక్కడ గాలి ఖాళీ చేసిన బుడగలో నిండింది. నేను పుట్టినప్పట్నించీ ఈ నీళ్ళే తాగుతున్నా, ఈ నది గురించి నాకు తెలిసిందల్లా పుష్కరాలూ, గేట్లు ఎత్తారా లేదా, ఎన్ని క్యూసెక్కులు, అంతే. మహారాష్ట్ర లావా ముక్క గుడిమెట్లలో నా కొడుకు చేతికి దొరికిద్దని ఎవరైనా చెప్తే నమ్మేదాన్ని కాదు.

పెద్దోడు ఇంకో సంగతి చెప్పాడు, ఫ్లోరిడాలో పూర్వం ఉన్న ఆదివాసులు ఈ పగడపు రాయిని నిప్పుల్లో కాల్చి, అప్పుడు చెక్కి బాణం ములుకులు చేసుకునేవాళ్ళంట, కాలిస్తే చెక్కడానికి సులువవుద్ది, రంగు కూడా ఎరుపెక్కుద్ది. మన గుజరాత్‌లో ఖంభాత్ దగ్గర అగేట్‌ని కాల్చే ఎర్రటి కార్నీలియన్ పూసలు చేస్తారు, అది నేనెక్కడో చదివా, వాడికి చెప్తే మొహం వెలిగిపోయింది.

పడవాయన బీడీ తాగుతూ కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు, కాసేపటికి ఉండబట్టలేక "వజ్రాలేనామ్మా?" అని అడిగాడు. కాదు బాబాయ్, మామూలు రాళ్ళే, పిల్లలకి అంటే నమ్మినట్టు లేడు. చెయ్యెత్తి ఎగువకి చూపించాడు, కొల్లూరు అటేనమ్మా, పులిచింతల నీళ్ళ కింద ఉంది ఇప్పుడు అన్నాడు. కోహినూరు అక్కడిదే అంటారు. 17వ శతాబ్దంలో టావెర్నియర్ అనే ఫ్రెంచి వ్యాపారి ఆ గనులు చూసి 60,000 మంది దాకా పని చేస్తున్నారని రాసుకున్నాడు, ఆడవాళ్ళూ పిల్లలతో సహా. నాకు ఆ రాజుల వజ్రాల కన్నా ఆ పిల్లల సంగతే మనసులో తిరిగింది, మా వాళ్ళలాగే ఇదే ఒడ్డున వంగి వెతికి ఉంటారు, కాకపోతే దొరికింది వాళ్ళది కాదు.

అమ్మ మాతో వెతకలేదు. ఒక చోట చతికిలబడి, ఒకే సైజువి గుండ్రటివి ఏరి పక్కన పెట్టుకుంటోంది. ఏంటమ్మా అంటే గచ్చకాయలాటకి. ఎగరేసి చూపించింది కూడా, ఒక రాయి గాల్లో ఉండగానే కిందవి తీసి దాన్ని పట్టుకోవడం, చెయ్యి ఇంకా అంత చురుగ్గా ఉందని నేననుకోలేదు. అక్క పక్కన కూర్చుని ఆడి ఓడిపోయింది, మళ్ళీ ఆడింది. అక్క అమెరికా వెళ్ళాక వాళ్ళిద్దరూ వంటా, మందులూ, వీసా తప్ప ఇంకోటి మాట్లాడుకోగా నేను చూళ్ళేదు. ఫోటో తీద్దామనుకుని మానేశా, ఫోన్ చూస్తే ఆపేస్తారని.

మధ్యాహ్నం అక్కడే పులిహోర, పెరుగన్నం, మాగాయ. ఎండ ముదిరాక తిరిగొచ్చేశాం. కారులో అందరూ నిద్రే, నేనూ బావా తప్ప.

సాయంత్రం రాళ్ళన్నీ టబ్బులో వేసి పాత టూత్‌బ్రష్‌తో కడిగి కోడిగుడ్ల ట్రేలో సర్దారు పిల్లలు. ఆ పొగ రంగు రాయి పెద్దోడికిచ్చేశాడు చిన్నోడు, టాంపా తీసుకెళ్ళమని. నేను అడక్కుండానే. పెద్దోడు ఆ పగడం మన దగ్గరే ఉంచెయ్యమన్నాడు, బావ కూడా సరే అన్నాడు. సంక్రాంతికి అక్కావాళ్ళు వెళ్ళిపోయేలోపు ఇంకోసారి వెళ్దామంటే, ఈసారి పడవలో ముందు నేను కూర్చుంటా అని చిన్నోడు, కాదు అక్కడ ఎప్పుడూ నేనే కూర్చుంటా, అది నా ప్లేస్ అని పెద్దోడు, అన్నాలు తినేదాకా అదే గొడవ.