కొత్త బండితో అరకు ఘాట్

కొత్తగా బైకు కొన్నవాళ్లు చాలామంది మొదటి దూరప్రయాణానికి నాలుగు లైన్ల హైవేనే ఎంచుకుంటారు. రోడ్డు తిన్నగా ఉంటుంది, గుంతలు తక్కువ, నడపడం తేలిక అనుకుంటారు. నా మటుకు నేను వద్దంటాను. హైవే మీద కొత్తవాళ్లకు దొరికేది స్పీడు ఒక్కటే. లారీ దాటినప్పుడు పక్కనుంచి తోసే గాలి, రాంగ్ రూట్లో ఎదురొచ్చే ట్రాక్టరు, డివైడర్ సందులోంచి దూకే గేదె, ఇవన్నీ ఎనభైలో ఉన్నప్పుడు ఎదురవుతాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలోనే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. చెయ్యి బ్రేకు మీదకు వెళ్లేలోపు అంత దూరం అయిపోతుందన్నమాట. ఘాట్ రోడ్డు అలా కాదు. అది బండిని ముప్పై, నలభై దాటనివ్వదు, పైగా ప్రతి రెండు వందల గజాలకూ ఒక పాఠం పెడుతుంది.

అందుకే మా అక్క కూతురు చిన్ని "మావయ్యా, కొత్త బండి మీద ఎక్కడికైనా లాంగ్ వెళ్దాం" అనగానే అరకు అన్నాను. విశాఖ నుంచి 115 కిలోమీటర్లు ఉంటుంది. ఎస్.కోట (శృంగవరపుకోట) దాటేదాకా మైదానం, ఆ తర్వాత కొండ. అక్క ఒప్పుకోలేదు. "బండి కొని రెండు నెలలు కాలేదు, అప్పుడే కొండలేంట్రా?" అంది. లైసెన్సు ఉంది, ఫస్ట్ సర్వీసింగ్ అయింది, పొద్దున్నే గ్రౌండులో ప్రాక్టీసు చేయిస్తున్నాను, చీకటి పడకముందే ఇంటికి తెస్తాను అని చెబితే చివరికి సరేనంది.

బండి గురించి ఒక మాట చెప్పాలి. ఆఫీసులో స్నేహితులు 350 సీసీ తీసుకోమన్నారట. చిన్నితో నేను అన్నది ఒకటే: షోరూములో సీటు మీద కూర్చో, రెండు పాదాలూ నేలకు బాగా ఆనుతున్నాయా చూడు, దిగి స్టాండు తీసి నాలుగడుగులు వెనక్కి నెట్టు, ఆయాసం రాకుండా నెట్టగలిగితే అది నీ బండి. అలా చూసుకుని 160 సీసీ బండి తీసుకుంది. బరువు 140 కిలోలకు అటూ ఇటూ. ముందు చక్రానికి ఏబీఎస్ ఉంది, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ అది తప్పనిసరి. నా ఉద్దేశంలో, మొదటి బండికి అంతకన్నా పవర్ అక్కర్లేదు. అలా మిగిలిన డబ్బుల్లో మంచి హెల్మెట్, చేతి గ్లోవ్స్, చీలమండ కప్పే షూస్ వచ్చాయి.

హెల్మెట్ కొనేటప్పుడు షాపువాడు కాస్త వదులుగా ఉన్నదే ఇస్తాడు, హాయిగా ఉంటుంది కాబట్టి మనమూ తీసుకుంటాం. అలా తీసుకోకూడదు. పెట్టుకుని రెండు చేతులతో హెల్మెట్‌ను పక్కలకు తిప్పితే దాంతోపాటు బుగ్గల చర్మం కూడా కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది పెద్ద సైజు. ఐ.ఎస్.ఐ. మార్కు, దాని పైన ఐ.ఎస్. 4151 అన్న నంబరు ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఇంత చూసి కొని స్ట్రాప్ పెట్టుకోకుండా నడిపేవాళ్లను రోజూ చూస్తాను, నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పడ్డప్పుడు తల నేలకు తగలకముందే ఊడిపోయేది ఆ హెల్మెట్టే. ఆడపిల్లలకు ఇంకో జాగ్రత్త కూడా ఉంది. చున్నీ వేసుకుంటే చివర్లు లోపలికి దోపి ముడి వేయాలి. చైనులోనో వెనక చక్రంలోనో చిక్కుకుంటే ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఉండదు.

బయల్దేరే ముందు వారాల్లో గ్రౌండులో మేం చేసింది దాదాపు అంతా నెమ్మది పనే. లైసెన్సు టెస్టులో వేయించే ఎనిమిదినే, మనిషి నడిచేంత వేగంలో, కాలు కింద పెట్టకుండా. క్లచ్ పూర్తిగా వదలకుండా, బండి కదలడం మొదలయ్యే ఆ సగం దగ్గర పట్టుకుని, వెనక బ్రేకు మీద పాదం ఆనీ ఆనకుండా ఉంచి తిప్పాలి. మొదట్లో చిన్ని ముందు చక్రం వంకే చూసేది, చూసిన ప్రతిసారీ బండి అటే ఒరిగిపోయేది. "చక్రాన్ని వదిలెయ్, నువ్వు వెళ్లాల్సిన చోటు చూడు, గడ్డం అటు తిప్పు" అన్నాను. తల తిప్పగానే బండి దానంతటదే తిరిగింది. ఆ రోజు దాని మొహం చూడాలి! చూపు ఎక్కడుంటే బండి అక్కడికి పోతుంది. గుంత వంక చూస్తే గుంతలోకే పోతుంది, పక్కనున్న మంచి రోడ్డు చూస్తే అటే పోతుంది. మిగతావన్నీ దీని తర్వాతే.

నవంబరులో, కావాలనే మంగళవారం బయల్దేరాం. కార్తీకమాసంలో ఆదివారమైతే వనభోజనాల బస్సులు, కార్లతో ఆ ఘాట్ కిక్కిరిసిపోతుంది. తెల్లారకముందే టైర్లలో గాలి చూశాం. బండి నడవకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూస్తేనే లెక్క సరిగ్గా వస్తుంది. ఎంత ఉండాలో చైను కవరు మీదో మాన్యువల్లోనో రాసి ఉంటుంది. చైను కింద వేలు పెట్టి ఎత్తి బిగువు చూడటం, లైట్లు, హారను, రెండు బ్రేకులు. ఆర్సీ, ఇన్సూరెన్సు ఫోనులో డిజీలాకర్లో ఉన్నాయి. ఐదు నిమిషాల పని.

ఎన్.ఏ.డి. జంక్షన్, గోపాలపట్నం, పెందుర్తి, కొత్తవలస. చిన్నిని ముందు వెళ్లమని నేను వెనక ఉన్నాను. నేను ముందుంటే నన్ను అందుకోవాలని స్పీడు పెంచుతుంది. వెనకుంటే దాని స్పీడులో అది వెళ్తుంది, వెనకనుంచి వచ్చే లారీలు ముందు నన్ను చూసుకుంటాయి. కొత్తవాళ్లతో వెళ్లే పాత రైడర్లందరికీ ఈ మాటే చెబుతాను.

పెందుర్తి దగ్గర ఆటోలతో జాగ్రత్త. ఆటో ఎప్పుడు ఆగుతుందో ఆటోను చూస్తే తెలియదు, రోడ్డు పక్కన చెయ్యెత్తే మనిషిని చూస్తే తెలుస్తుంది. చిన్నికి ముందే చెప్పాను, టిఫిన్ దగ్గర కలిసినప్పుడు "మావయ్యా, మూడు ఆటోలు పట్టేశాను" అని సంబరంగా చెప్పింది. లక్కవరపుకోట దాటాక రోడ్డు అంచున వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. వడ్ల మీద టైరు జారుతుంది, రాయి తగిలితే హ్యాండిల్ చేతిలోంచి లాగేసుకుంటుంది. అలాంటిచోట దూరం నుంచే స్పీడు తగ్గించి తిన్నగా దాటిపోవాలి, పక్కకు వచ్చాక బ్రేకు పట్టకూడదు. మేకలు కూడా ఉన్నాయి. ఒక మేక దాటిందంటే మంద దాటినట్టు కాదు, వెనక పిల్లలు ఉంటాయి. ఆఖరిది దాటేదాకా ఆగడమే.

ఎస్.కోటలో ఇడ్లీ తిని, ట్యాంకులు నింపించాం. ఘాట్ ఎక్కే ముందు ఇక్కడే నింపుకోవడం మంచిది. బొడ్డవర దాటాక కొండలు దగ్గరికొచ్చాయి. అక్కడ చిన్ని బండి ఆపి "ఇప్పుడు నువ్వు ముందుండు, నేను నీ వెనకే వస్తా" అంది. వద్దన్నాను. నేను ముందుంటే నా టెయిల్ లైటు చూస్తుంది, మలుపు చూడదు. నేను బ్రేకు వేసేదాకా అదీ వేయదు.

కాశీపట్నం నుంచి త్యాడ వైపు ఎక్కుతుంటే ఎడమా కుడీ ఒకదాని వెనక ఒకటి మలుపులు. మలుపులోకి వెళ్లకముందే బ్రేకు, గేరు పనులు అయిపోవాలి. లోపలికి వెళ్లాక ఒకే తీరుగా యాక్సిలరేటర్ ఇస్తూ బయటకు రావాలి. ఎడమకు తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ను కొంచెం ముందుకు నెట్టాలి, బండి అటే వాలుతుంది. వినడానికి తిరకాసుగా ఉంటుంది కానీ సైకిలు తొక్కేటప్పటి నుంచీ మన చేతులు తెలియకుండా చేసేది అదే. కుడి మలుపుల్లో మధ్యగీతకు దగ్గరగా పోతే, వాలినప్పుడు మన తల గీత దాటి అవతలి లైనులోకి పోతుంది. ఎదురుగా బస్సు వస్తే? అందుకని మన లైనులోనే, అంచున పేరుకున్న ఇసుక, గులకరాళ్ల జోలికి పోకుండా ఉండాలి. ఘాట్లో కొన్ని మలుపుల్లో కొండ మీంచి ఊట నీరు రోడ్డుకు అడ్డంగా పారుతుంది, నీడలో పాచి కూడా ఉంటుంది. దాన్ని దాటేటప్పుడు బండి నిటారుగా ఉండాలి, బ్రేకు ముట్టుకోకూడదు.

ఒక హెయిర్‌పిన్ (దాదాపు వెనక్కి తిరిగే మలుపు) దగ్గర పైనుంచి ఆర్టీసీ బస్సు హారను వినిపించింది. చిన్ని మలుపుకు ముందే, బస్సుకు చోటు వదిలి ఎడమ పక్కగా ఆపేసింది. అలా ఆపడమే సరైన పని. మామూలుగా ఎక్కే బండికే దారి ఇవ్వాలని రూలు ఉంది, కొండ రోడ్డులో ఇరుకైన చోట దిగేవాడే ఆగాలి. కానీ అంత పొడుగు బస్సు ఆ మలుపు తిరగాలంటే రోడ్డు మొత్తం కావాలి, ముందుభాగం అటు పోతుంటే వెనక భాగం ఇటు తుడుచుకుంటూ వస్తుంది. రూలు మన వైపు ఉన్నా చోటు బస్సుకే ఇవ్వాలి.

బస్సు వెళ్లాక అసలు పరీక్ష మొదలైంది. ఎత్తు మీద ఆగిన బండిని మళ్లీ కదిలించాలి. చాలామంది ఇక్కడ రెండు కాళ్లూ కింద పెట్టేసి ముందు బ్రేకు పట్టుకుంటారు. యాక్సిలరేటర్ ఇవ్వడానికి అదే చెయ్యి కావాలి కాబట్టి బ్రేకు వదిలిన క్షణంలో బండి వెనక్కి జారుతుంది, గాభరాలో క్లచ్ వదిలేస్తారు, ఇంజన్ ఆగిపోతుంది లేదా ముందు చక్రం లేస్తుంది. ఎడమ కాలు నేల మీద, కుడి పాదం వెనక బ్రేకు మీద. ఫస్ట్ గేరు వేసి కొంచెం రేజ్ ఇచ్చి క్లచ్ మెల్లగా వదులుతుంటే ఒకచోట ఇంజన్ చప్పుడు మారుతుంది, బండి వెనక భాగం కొద్దిగా కుంగుతుంది. అప్పుడు బ్రేకు వదలాలి. చిన్ని హెల్మెట్ లోపల పెదాలు కదుపుతూ ఇదంతా తనకు తనే చెప్పుకుంటోందని తర్వాత తెలిసింది. వెనక కారువాడు హారను కొడుతున్నాడు. అది తిరిగి కూడా చూడలేదు. చప్పుడు మారింది, బ్రేకు వదిలింది, బండి ఒక్క అంగుళం కూడా వెనక్కి రాకుండా పైకెక్కింది. నేను వెనక నుంచి "శభాష్!" అని గట్టిగా అరిచాను.

అనంతగిరి దగ్గర మంచు కమ్మింది. వైజరు, అంటే హెల్మెట్ ముందరి అద్దం, తెల్లబడితే కొద్దిగా ఎత్తి పెట్టుకోవాలి. హైబీమ్ వేస్తే మంచు మీద పడి కళ్లకే కొడుతుంది, లోబీమ్ చాలు. ఎంతదూరం కనిపిస్తుందో ఆ దూరంలోపల ఆపుకోగలిగే స్పీడులోనే పోవాలి. అప్పుడది ఇరవయ్యే అయినా సరే.

గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర ఎండ వచ్చింది. సుంకరిమెట్ట చుట్టూ సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. అరకు కాఫీకి 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. అక్కడ తాగిన కాఫీ చాలా బాగుంది, ఎక్కువ రాయను, వెళ్లి తాగండి. లోయలో వలిసె పూలు విరగబూసి కొండవాలంతా పసుపు. ఫొటో కోసం మలుపులో బండి ఆపొద్దని చిన్నితో ఒట్టు వేయించుకున్నాను, వెడల్పున్న చోట, రోడ్డు పూర్తిగా దిగి ఆపింది. బొంగు చికెన్ తిన్నాం. కడుపు నిండా తింటే నిద్రొస్తుంది, సగమే తినమన్నాను. అదొక్కటీ వినలేదు, అందుకని చెట్టు కింద అరగంట పడుకోబెట్టాను.

రెండింటికి దిగడం మొదలుపెట్టాం. ఎక్కడం కన్నా దిగడమే కష్టం. ఇక్కడ కొందరు పెట్రోలు కలిసొస్తుందని ఇంజన్ ఆపేసి న్యూట్రల్లో జారిపోతారు. దయచేసి ఆ పని ఎవరూ చేయొద్దు. ఇంజన్ పట్టు పోతుంది, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది, అవి వేడెక్కి పట్టు వదిలేస్తే మలుపు దగ్గర చేయడానికేమీ ఉండదు. ఎక్కిన గేరులోనే దిగాలి. సెకండ్ గేరులో యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు నొక్కిపట్టి ఉంచకుండా, రెండూ కలిపి కాస్త వేసి వదులుతూ రావాలి. త్యాడ దాటేసరికి చిన్ని ఎడమ చెయ్యి విదిలించుకోవడం చూశాను. క్లచ్ నొప్పి. హారను కొట్టి ఆపించి, నీళ్లు తాగించి, పావుగంట కూర్చోబెట్టాను. మొదటి రైడులో అలసట మనకంటే ముందు వేళ్లకు తెలుస్తుంది, వేళ్లు నొప్పెడితే ఆగాల్సిందే.

ఎస్.కోటలో టీ తాగుతుంటే అక్క ఫోను. చిన్ని స్పీకర్ ఆన్ చేసి, బస్సు సంగతి, హిల్ స్టార్ట్ సంగతి ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. అక్కకు క్లచ్ అంటే ఏంటో తెలియకపోయినా అంతా విని "మావయ్య వెనకే ఉన్నాడుగా?" అంది.

ఫోను పెట్టేసి చిన్ని అడిగింది, "డిసెంబరులో లంబసింగి వెళ్దామా? తెల్లారేసరికి అక్కడుండాలట, రాత్రే బయల్దేరాలి."

"రాత్రి రైడు ఇప్పుడే వద్దమ్మా. సాయంత్రమే వెళ్లి నర్సీపట్నంలో పడుకుని తెల్లారాక ఎక్కుదాం. ఈలోపు నలభైలో వెళ్తూ రెండు బ్రేకులూ కలిపి తిన్నగా ఆపడం గ్రౌండులో చేసి చూపించు. ముందు బ్రేకు ఇంకా భయపడుతూ వేస్తున్నావు. రేపు పొద్దున ఆరింటికి వస్తాను."

"రేపా? ఆఫీసుంది మావయ్యా."

"అయితే ఐదున్నరకి."