‘నాక్ ఆఫ్’తో నా కుస్తీ

ఒక క్రైమ్ సీరియల్‌కి తెలుగు సబ్‌టైటిల్స్ రాసే పని ఒప్పుకున్నాను. దొంగలు, పోలీసులు, మధ్యలో నకిలీ వాచీలు అమ్మే ఒక ముఠా. పెద్ద పెద్ద ఇంగ్లిష్ మాటలతో నాకు పేచీ లేదు. డిక్షనరీ తీస్తే చాలావరకు తేలిపోతాయి. తిప్పలన్నీ చిన్న మాటలతోనే. నాక్ తెలుసు, ఆఫ్ తెలుసు. రెండూ కలిసి ‘నాక్ ఆఫ్’ అయ్యేసరికి ఒక ఎపిసోడ్‌లో ఒక అర్థం, ఇంకో ఎపిసోడ్‌లో ఇంకో అర్థం. ఒకే సీన్లో ఇద్దరు రెండు రకాలుగా వాడిన చోటు కూడా ఉంది, దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందు పర్యాయపదాల కోసం వెతికాను. దొరికిన జాబితా చూస్తే నవ్వొచ్చింది. పని ముగించు, తగ్గించు, దొంగిలించు, చంపు, ఓడించు, గబగబా రాసెయ్యి, నకలు తియ్యి. అన్నీ ఒకే వరసలో, మధ్యలో కామాలు పెట్టి. ఇలాంటి జాబితా పట్టుకుని అనువాదం చేస్తే, సాయంత్రం ఇంటికి వెళ్దామంటున్న గుమాస్తా ఎవర్నో చంపుదామంటున్నట్టు తేలుతుంది. పర్యాయపదాలు ‘నాక్ ఆఫ్’కి ఉండవు, దాని ఒక్కో అర్థానికీ వేరువేరుగా ఉంటాయి. అందుకే అక్కణ్ణుంచి పద్ధతి మార్చాను. మాటను పక్కనపెట్టి, దాని పక్కన ఏముందో చూడటం మొదలుపెట్టాను.

పక్కన కర్మ ఏదీ లేకపోతే దాదాపు ఎప్పుడూ పని ఆపడమే. ‘వాట్ టైమ్ డు యూ నాక్ ఆఫ్?’ అంటే డ్యూటీ ఎప్పుడు దిగుతావని. ‘పని ముగిస్తావు’ అని రాస్తే తప్పు కాదు కానీ, మనుషులు అలా అడగరు. పక్కన డబ్బో శాతమో ఉంటే తగ్గింపు. ‘నాక్ టెన్ పర్సెంట్ ఆఫ్ ద ప్రైస్’ అని బేరమాడేవాడికి ‘పది శాతం తగ్గించు’ సరిపోతుంది. కథో, వ్యాసమో, రిపోర్టో ఉంటే చకచకా పూర్తి చేయడం. ఇక్కడ తెలుగు నన్ను ఆదుకుంది. ‘గంటలో రాసిపారేశాడు’ అంటే చాలు, వేగమూ వస్తుంది, పెద్దగా శ్రద్ధ పెట్టలేదన్న చిన్న ఎత్తిపొడుపూ వస్తుంది. ఇంగ్లిష్‌లో దీనికి దగ్గర చుట్టం ‘డాష్ ఆఫ్’. అదే రచన వారాల తరబడి కూర్చుని చేసి ఉంటే రెండూ పనికిరావు.

దొంగతనం దగ్గర కొంచెం ఆగాల్సి వచ్చింది. బ్రిటిష్ వాళ్లు నాక్ ఆఫ్ చేసేది ఎక్కువగా వస్తువుల్ని. దాని బదులు ‘నిక్’, ‘పించ్’ అని కూడా అంటారు. అమెరికా యాసలో దుకాణాన్నో బ్యాంకునో నాక్ ఆఫ్ చేస్తారు, అంటే దోచుకుంటారు. మొదటిదానికి నా దగ్గర ‘కొట్టేశాడు’ సిద్ధంగా ఉంది. పెన్ను కొట్టేశాడు, పర్సు కొట్టేశాడు అంటాం కదా. నాక్ అన్నా కొట్టడమే. కొట్టు పక్కన వేయు చేరి ‘కొట్టేయడం’ అయినట్టే, నాక్ పక్కన ఆఫ్ చేరింది. ఆ లెక్కన తెలుగువాళ్లం ఫ్రేజల్ వెర్బ్స్ గురించి, అంటే ఇలా చిన్న మాట చేరి అర్థం మారే క్రియల గురించి, మరీ అంత బెంబేలు పడక్కర్లేదు. కోర్టు కేసు కొట్టేస్తుంది, ఎవరో చెట్టు కొట్టేస్తారు, ఇంకెవరో మన డిజైన్ కొట్టేస్తారు. అన్నిట్లోనూ అదే మాట, అన్నిట్లోనూ వేరే పని. పరాయివాడికి ఇది నేర్పాలంటే మనకీ అంతే కష్టం.

ఈ కష్టాన్ని ఇంగ్లిష్ పండితులూ ఏనాడో ఒప్పుకున్నారు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువుకు రాసిన ముందుమాటలోనే, క్రియకు చిన్న మాట తగిలించి అర్థం మార్చే ఈ పద్ధతి విదేశీయులకు అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుందని అన్నాడు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు మాత్రం చాలా ఆలస్యంగా, 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకంతో వాడుకలోకి వచ్చింది.

సరే, చంపడం. క్రైమ్ సీరియల్‌లో ఇదే ఎక్కువ. ‘కిల్’, ‘మర్డర్’, ‘బంప్ ఆఫ్’, ‘నాక్ ఆఫ్’ నాలుగూ ఒక్కటే అని జాబితా చెబుతుంది. ఎవరు మాట్లాడుతున్నారో చూస్తే కానే కావు. కోర్టులో నిలబడ్డ లాయరు ‘నాక్ ఆఫ్’ అనడు. ముఠా మనిషి ‘మర్డర్’ అని నోరారా పలకడు, ఆ పనిని తేలిక చేసుకోవడానికే కదా యాస. అందుకని లాయరుకి ‘హత్య చేశాడు’, రిపోర్టరుకి ‘చంపాడు’, ముఠావాళ్లకి ‘లేపేశారు’, ‘వేసేశారు’ అని పంచాను. ఒక చోట మాత్రం ఛాంపియన్‌ని నాక్ ఆఫ్ చేశారని వినపడింది. టీవీలో ఆటల వార్త అది. అమెరికాలో పెద్ద జట్టును చిన్న జట్టు ఓడించినా ఈ మాటే వాడతారు. పాపం, ఛాంపియన్ క్షేమమే.

‘నాక్ ఇట్ ఆఫ్!’ వేరే జాతి. ఇందులో ‘ఇట్’ అంటే ఏమిటని వెతక్కూడదు, ఏమీ కాదు. అల్లరి చేస్తున్నవాణ్నో, గొడవపడుతున్నవాళ్లనో ఆపమనడం. ‘కట్ ఇట్ అవుట్’కి దీనికి తేడా దాదాపు లేదు. ‘ఇక ఆపు’ అన్నా, ‘చాల్లే ఊరుకో’ అన్నా నప్పుతుంది. సర్వనామం ఎప్పుడూ మధ్యలోనే కూర్చుంటుంది, ‘నాక్ ఆఫ్ ఇట్’ అని ఎవరూ అనరు. ‘నాక్ హిమ్ ఆఫ్’ కూడా అంతే.

నామవాచకమైతే గీత పెట్టి ‘నాక్-ఆఫ్’ అని రాస్తారు, ఒత్తు మొదటి ముక్క మీదికి వస్తుంది. చెవితో పని చేసేవాళ్లకు ఇది మంచి ఆధారం. అర్థం చౌకబారు నకలు. దీనికి ‘కౌంటర్‌ఫిట్’ పర్యాయపదమని రాసేస్తారు గానీ, నాకు ఆ రెండూ ఒకటనిపించవు. డిజైన్‌ను అనుకరించి, తన పేరుతోనే అమ్మినా దాన్ని నాక్-ఆఫ్ అనొచ్చు. అసలు కంపెనీ గుర్తును దొంగగా ముద్రిస్తే అది కౌంటర్‌ఫిట్. మన ‘డూప్లికేట్’ రెండిటినీ మింగేస్తుంది. వీధి సీన్లలో దాన్నే ఉంచి, పోలీసు రిపోర్టులో ‘నకిలీ’ అని మార్చాను.

ఇదంతా తేలాక కూడా ఒక సీన్ నన్ను బాగా ఏడిపించింది. గోడౌన్‌లో పెట్టెలు మోస్తున్న కుర్రాడు అలసిపోయి, మనం ఎప్పుడు నాక్ ఆఫ్ చేస్తామని అడుగుతాడు. పక్కనున్న ముదురు తల ఎత్తకుండా ‘హూ?’ అంటాడు. కుర్రాడిది డ్యూటీ దిగడం, వాడిది మనిషిని తీయడం. రెండు అర్థాల మీద నిలబడ్డ జోకు. ‘డ్యూటీ ఎప్పుడు దిగుతాం?’ అని రాస్తే ‘ఎవర్ని?’ అన్న జవాబు గాల్లో వేలాడుతుంది. వివరణ ఇద్దామంటే తెర మీద ఉండేది రెండు మూడు సెకన్లు. ‘కొట్టేయడం’తో ప్రయత్నిస్తే డ్యూటీ రాలేదు. ‘దించడం’తో ప్రయత్నిస్తే చావు రాలేదు. ఆ లైను ఖాళీగా వదిలేసి మిగతా ఎపిసోడ్ పూర్తి చేసుకుని, మళ్లీ దాని దగ్గరికే వచ్చి కూర్చున్నాను. అప్పుడు కుదిరింది.

‘ఇక లేద్దామా?’

‘ఎవర్ని లేపాలి?’

సమీక్ష చేసినవారు దాన్ని ముట్టుకోలేదు. పోలీసు రిపోర్టులో ‘నకిలీ’ పక్కన ‘వాచీలు’ తీసేసి ‘గడియారాలు’ పెట్టమన్నారు. పెట్టి పంపించేశాను.