శ్రీశైలంలో తడిబట్టలతో

కార్తీకం రద్దీ తగ్గాక వెళ్తే స్పర్శ దర్శనం తీరిగ్గా అవుతుందని మా అత్తయ్య ఆశ. అందుకని మార్గశిరంలో బయల్దేరాం. నల్లమల అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బళ్ళను వదలరు కాబట్టి, గేటు తెరిచే వేళకు మన్ననూరులో ఉండేలా హైదరాబాద్‌లో చీకటితోనే కారెక్కాం.

ముందు పాతాళగంగలో స్నానం, తర్వాత కారు దగ్గర బట్టలు మార్చుకుని గుడికి. ఇదీ మేం అనుకున్నది. మల్లన్నను తాకి మొక్కాలంటే మగవాళ్ళు పంచెతోనే రావాలి. మామయ్యకు, మా ఆయనకు పట్టుపంచెలు, మాకు చీరలు, అత్తయ్య బీపీ మాత్రలు, ఆధార్ కార్డులు, స్మార్ట్‌ఫోన్లు అన్నీ రెండు బ్యాగుల్లో సర్దాం. దారి పక్క ఖాళీ స్థలంలో ఒకతను చీటీ చింపి చేతిలో పెట్టి, డబ్బు తీసుకుని కారు పెట్టించాడు.

కృష్ణలో నీళ్ళు చలికి కొరుకుతున్నాయి. అయినా అత్తయ్య సంకల్పం చెప్పుకుని మూడు మునకలూ నిండుగా వేశారు.

పైకి వచ్చేసరికి కారు వెనక తలుపు దగ్గరి చిన్న అద్దం పగిలి ఉంది. సీటంతా గాజుముక్కలే. బ్యాగులు లేవు. కొబ్బరికాయల సంచి మాత్రం వదిలేశాడు, పాపభీతో, బరువనుకున్నాడో!

వణుకుతూ నిలబడ్డ మా చుట్టూ జనం మూగారు. అందరిదీ ఒకటే మాట: "కార్లో ఎందుకు పెట్టారమ్మా?" ఒళ్ళు మండింది. నీళ్ళలోకి ఫోన్ తీసుకెళ్ళలేం, గుళ్ళోకి ఎలాగూ రానివ్వరు. క్లోక్‌రూమ్ ఉంది కదా అన్నాడొకాయన. పొడిబట్టలు క్లోక్‌రూమ్‌లో పెట్టి, తడిబట్టలతో ఊరంతా నడిచి వెళ్ళాలా? చీటీ చూపించి అడిగితే, సామాన్లకు మా పూచీ లేదని దాని మీదే రాసుందన్నాడు డబ్బు తీసుకున్నతను. అయితే డబ్బు దేనికి తీసుకున్నట్టు? నేల మీద నాలుగు చక్రాలు ఆనించినందుకా?

మామయ్య నడుముకు కట్టుకున్న చిన్న సంచిలో డబ్బు, అత్తయ్య చేతిసంచిలో బటన్ ఫోన్ మిగలడం మా అదృష్టం. మాలో ఎవరికీ ఒక్క నంబరూ నోటికి రాదు. ఆ ఫోన్లో ఉన్న నంబరు చూసి మా మరిదికి చేస్తే, అతనే హైదరాబాద్ నుంచి సిమ్‌లు, బ్యాంకు కార్డులు బ్లాక్ చేయించాడు. స్పర్శ దర్శనం టికెట్టేమో ఫోన్లో ఉంది. మళ్ళీ తెరవాలంటే ఓటీపీ కావాలి, అది వచ్చేది దొంగ దగ్గరున్న ఫోన్‌కే. చేతిలో ఆధార్ కూడా లేదు. కొట్లో నూలుపంచెలు, చవక చీరలు కొనుక్కుని ఉచిత క్యూలో నిలబడ్డాం. దూరం నుంచే దర్శనం. బయటికొచ్చాక అత్తయ్య ఏడ్చేశారు. ఫోన్లు పోయినందుకు కాదు, అంతదూరం వెళ్ళి స్వామిని తాకలేకపోయినందుకు.

స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి ఎఫ్ఐఆర్ కాపీ తీసుకున్నాం. ఆ కాపీ ఉచితంగానే ఇవ్వాలి. దొంగతనం సంగతి ఇంటికెళ్ళాక చూసుకున్నవాళ్ళు తమ ఊరి స్టేషన్లోనే జీరో ఎఫ్ఐఆర్ పెట్టొచ్చు, అంటే నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఇచ్చే ఫిర్యాదు. ఇది చాలామందికి తెలీదు.

తిరుగుదారిలో సాక్షి గణపతి దగ్గర ఆగాం. శ్రీశైలం ఎవరెవరు వచ్చారో పుస్తకంలో రాసుకునే స్వామి ఆయన. "దొంగ పేరు కూడా రాసుకునే ఉంటాడు, చూపించమనండి" అన్నారు మామయ్య. అప్పటికి గానీ అత్తయ్య మొహంలో నవ్వు రాలేదు. పగిలిన అద్దానికి ప్లాస్టిక్ కవరు అంటించి, ప్రసాదం వాసనకు కోతులు ఎక్కడ మీద పడతాయోనని అడవిలో ఎక్కడా ఆపకుండా వచ్చేశాం.

ఇన్సూరెన్స్‌లో అద్దానికి డబ్బు వచ్చింది. సామాన్లకు విడిగా యాడ్-ఆన్ తీసుకుని ఉండాలట, మా పాలసీలో అది లేదు. డూప్లికేట్ సిమ్‌లు వచ్చాక, ఫోన్ డబ్బాల మీది ఐఎంఈఐ నంబర్లు (ఒక్కో ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు నంబర్లు), ఎఫ్ఐఆర్ కాపీ పెట్టి, పోయిన ఫోన్లను పనిచేయకుండా ఆపే ప్రభుత్వ సైటు సీఈఐఆర్ పోర్టల్‌లో ఫోన్లు కూడా బ్లాక్ చేశాం. స్టేషన్ నుంచి ఇంతవరకూ కబురు లేదు.